ఇరవై అయిదు రోజుల నిరీక్షణ

ఫోన్ వచ్చింది 2025 జనవరి 14న, మంగళవారం పొద్దున ఆరూ నలభైకి. సంక్రాంతి రోజు. మా వాడకట్టు పిల్లలు అప్పటికే మిద్దెలెక్కి పతంగులు ఎగరేస్తున్నారు. నంబరు మా అన్నదే కానీ గొంతు వేరే. సౌదీలోని దమ్మాంలో అన్న రూములో ఉండే జగిత్యాల వైపు పిల్లగాడు. "అన్నా, మీ అన్న లేస్తలేడు" అన్నాడు. అక్కడప్పుడు నాలుగు దాటింది. డ్యూటీకి లేపుదామని కాలు పట్టుకుంటే చల్లగా తగిలిందట. లేస్తలేడు, లేస్తలేడు అని మూడుసార్లు అన్నాడు. అసలు మాట నేనే అడగాల్సి వచ్చింది.

అన్నకు నలభై ఒక్క ఏళ్లు. మాది నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దగ్గర ఊరు. అమ్మ, వదినె, పన్నెండేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. బాపు ఎప్పుడో పోయాడు. వదినె బీడీలు చేస్తుంది. నేను ఆర్మూరులో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. కాగితాలతో పనిచేసేవాణ్ని కాబట్టి ఈ పనంతా నా మీదే పడింది. మా దిక్కు ఇలాంటి ఫోన్ ఏ ఇంటికైనా రావచ్చు. వస్తే ఏమవుతుందో ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఆ ఇరవై అయిదు రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో. అందుకే రాస్తున్నాను.

మొదటి రోజు తొమ్మిది గంటలకల్లా ఇల్లు నిండిపోయింది. మా చర్చి సంఘం చిన్నది, నలభై కుటుంబాలు. మా పాస్టరు అయ్యగారు మోటార్ సైకిల్ మీద వచ్చి చెప్పులు విడిచి అమ్మ పక్కన కింద కూర్చున్నారు. వాక్యం చదువుతారని అందరం చూస్తున్నాం. ఆయన రెండు నిమిషాలు ప్రార్థన చేసి నన్ను బయటికి పిలిచి, "ఇంట్ల బియ్యం ఉన్నయా? పిల్లలు తిన్నరా?" అని అడిగారు. నాకు కొంచెం కోపం వచ్చింది. అన్న పోతే బియ్యం సంగతేంటి అనిపించింది. మధ్యాహ్నం రెండింటికి బాబు ఆకలితో ఏడిస్తే గానీ ఆ ప్రశ్న ఎందుకడిగారో నాకు ఎక్కలేదు.

మా చర్చిలో స్త్రీల మైత్రి అనే కూటమిలోని ఆడవాళ్లు వంట పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ మూట తెచ్చి గుడిలో పోస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ బియ్యం నుంచి ఇరవై కిలోలు సాయంత్రానికి మా ఇంటికి వచ్చాయి. మళ్లీ పదిహేనో రోజున ఇంకో ఇరవై. చుట్టాలు వస్తూ పోతూ ఉంటే బియ్యం ఎంత తొందరగా అయిపోతాయో ఇలాంటి ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

ఇక కాగితాలు.

రెండో రోజు కంపెనీ మనిషి ఒకాయన హిందీలో ఫోన్ చేశాడు. అక్కడే ఖననం చేయడానికి ఒప్పుకుంటే నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, ఇండియాకు పంపాలంటే చాలా టైం పడుతుంది, ఏది కావాలో రాసి పంపండి అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, తప్పు పట్టను. అమ్మకు చెప్తే, "నా కొడుకు మీద మట్టి నేనే వెయ్యాలె" అంది. అంతే, ఇంకో మాట లేదు. కాబట్టి వారసుల సమ్మతి పత్రం వదినె పేరు మీద రాయించాలి, అక్కడ మన తరఫున సంతకాలు పెట్టడానికి ఒకరికి అధికార పత్రం ఇవ్వాలి, అవి నోటరీ చేయించి పంపాలి. విన్నప్పుడు ఒక పూట పని అనుకున్నాను.

పండుగ సెలవులు కావడంతో 17 దాకా ఆఫీసుల్లో పని కాలేదు. తర్వాత తేలిందేమిటంటే, అన్న పాస్‌పోర్టులో భార్య పేరు గడి ఖాళీగా ఉంది. పెళ్లికి ముందు తీసిన పాస్‌పోర్టు, రెన్యువల్‌లో కూడా ఎవరూ రాయించలేదు. పద్నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి ఆయన భార్యే అని రుజువు చేయాలి. మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు పెట్టాను, అది 20న చేతికొచ్చింది. పెళ్లి రుజువు కోసం అయ్యగారు చర్చి బీరువాలోంచి 2011 పెళ్లిళ్ల రిజిస్టర్ తీశారు. పేజీ తిప్పితే అన్న సంతకం. పక్కన వదినె వంకర సంతకం. కింద సాక్షిగా నా సంతకం. ఇంకు కొంచెం గోధుమరంగుకు తిరిగింది. అయ్యగారు నకలు రాస్తూ రాస్తూ పెన్ను ఆపేశారు. అప్పటిదాకా నేను ఏడవలేదు.

21న అన్నీ స్కాన్ చేసి పంపాను. 23న వెనక్కి వచ్చాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, ఇద్దరూ ఒకటే అని అఫిడవిట్ కావాలన్నారు. 24న చేయించి పంపితే అక్కడ శుక్రవారం, సెలవు. వాళ్లకు శుక్ర, శని సెలవులు. మనకు ఆదివారం. రెండు దిక్కులా ఆఫీసులు ఒకేసారి తెరిచి ఉండేది వారంలో నాలుగు రోజులే. మీరు కాగితం పంపాల్సి వస్తే ఆదివారం రాత్రికల్లా సిద్ధం చేసుకుని సోమవారం పొద్దున పంపండి, గురువారం సాయంత్రం మాత్రం పంపకండి. మాకు ఆ ఆదివారం జనవరి 26 కూడా అయింది, ఎంబసీలో జెండా పండుగ. నాలుగు రోజులు ఊరికే పోయాయి.

అక్కడ మాకు దొరికిన మనిషి గురించి చెప్పాలి. కేరళ ఆయన, ముస్లిం, దమ్మాంలో ఏదో దుకాణం ఉంది. ఇలా చనిపోయినవాళ్ల కాగితాలు నడిపించడం ఆయన పెట్టుకున్న పని. రూపాయి తీసుకోలేదు. ఆసుపత్రి రిపోర్టు, పోలీసు కాగితం, మార్చురీ అన్నీ ఆయనే తిరిగాడు. ఒక సంగతి గమనించాను. మొదటి రోజు మధ్యాహ్నం నుంచే అందరూ, నాతో సహా, "బాడీ" అనడం మొదలుపెట్టాం. బాడీ ఎప్పుడొస్తది, బాడీ ఎక్కడుంది. ఆయన మాత్రం ప్రతి ఫోన్‌లో "ఆప్ కే భాయీ" అనేవాడు. ఒకరోజు మార్చురీకి వెళ్లి చూసి వచ్చి, మీ అన్న బాగున్నాడు, ఆందోళన పడొద్దని అమ్మకు చెప్పమన్నాడు. బాగున్నాడు! వింటే నవ్వొస్తుంది కానీ, ఆ మాట విన్నాకే అమ్మ ఆ రాత్రి నిద్రపోయింది.

అసలు చిక్కు 27న బయటపడింది. అన్న ఇకామా, అంటే అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే పర్మిట్, నాలుగు నెలల కిందే అయిపోయింది. కంపెనీ రెన్యువల్ చేయలేదు. అన్న మాకు చెప్పనూ లేదు. దాని లెక్క తేలితే తప్ప ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం విడిచి వెళ్లే అనుమతి, పడదు, అది పడకుండా చనిపోయిన మనిషి కూడా దేశం దాటడు. మూడు నెలల జీతం కూడా బాకీ ఉన్నారని అదే ఫోన్‌లో తెలిసింది. ప్రతి నెలా ఒకటో తారీఖు దాటాక పైసలు వచ్చేవి కదా అని వదినెను అడిగితే, అవును అంది. మూడు నెలలు ఎవరి దగ్గరో అప్పు చేసి పంపాడన్నమాట.

ఈ మధ్యలో ఇంట్లో ఏం జరుగుతుందో కూడా రాయాలి. రోజూ సాయంత్రం ఏడింటికి ప్రార్థన కూడిక. పాటలు, వాక్యం, ప్రార్థన. మొదటి నాలుగు రోజులు అది ఆదరువుగానే ఉంది. ఐదో రోజు ఎవరి పిలుపూ లేకుండా ఒక ప్రసంగీకుడు వచ్చాడు. గంట సేపు మాట్లాడాడు. దేవుడు ఎవరిని ఎక్కువగా ప్రేమిస్తాడో వాళ్లను తొందరగా పిలుచుకుంటాడు, ఏడ్చేవాళ్లకు విశ్వాసం తక్కువ అన్నాడు. వదినె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన వెళ్లాక బాబు నా దగ్గరికొచ్చి, "కాకా, దేవునికి బాపు అంటే ఇష్టమైతే మరి మేమంటే ఇష్టం లేదా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు, అన్నం తిందాం పద అన్నాను. ఆ రాత్రే వదినె, "రేపటి సంది పాటలు వద్దు, నా పానం ఆగుతలేదు" అంది.

ఇది అయ్యగారికి చెప్పడానికి నాకు భయమేసింది. ప్రార్థన వద్దంటున్నారు అనుకుంటారేమో అని. ఆయన విని "సరే" అన్నారు. మర్నాడు పొద్దున పదకొండింటికి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. చేతుల్లో బైబిళ్లు లేవు. చాటలు ఉన్నాయి. చాటల్లో తునికాకు, తంబాకు, దారం. వదినె చుట్టూ గోడకానుకుని కూర్చుని బీడీలు చేయడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం తలా ఇన్ని కట్టలు వదినె పేరు మీద పెట్టి కార్ఖానాలో అప్పజెప్పారు. వదినె పని తప్పిపోకుండా, ఆ నెల కూలి పోకుండా. అందులో ఇద్దరు మా సంఘం వాళ్లు కూడా కాదు, వెనక వాడకట్టు పద్మశాలి ఆడవాళ్లు. నాలుగో రోజుకు వదినె కూడా కత్తెర అందుకుని ఆకు కత్తిరించింది. ఆ రోజే మొదటిసారి మాట్లాడింది కూడా. అన్న ఉప్మా అంటే పడి చచ్చేవాడని ఏదో చెప్పింది. అందరూ నవ్వారు, తర్వాత అందరూ ఏడ్చారు.

మా నాయనమ్మ డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో కట్లు కట్టేది. 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రి అది. కట్టడానికి నర్సాగౌడ్ అనే హిందూ ధనికుడు డబ్బిచ్చాడని నాయనమ్మ ప్రతిసారీ చెప్పేది. పుండు కడిగేటప్పుడు వాక్యం చెప్పొద్దు, కడిగి కట్టు కట్టినంక వాళ్లే అడుగుతరు, అప్పుడు చెప్పు అనేది. ఆ చాటలు చూసినప్పుడు నాయనమ్మ గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 2, ఆదివారం. చర్చికి అమ్మను తీసుకెళ్లాను. ఇంటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. అయ్యగారు ఆ రోజు లాజరు కథ తీసుకున్నారు. అన్న చనిపోయి నాలుగు రోజులయ్యాక వచ్చిన యేసుతో లాజరు తోబుట్టువు మార్త, నువ్వు ఉంటే మా అన్న చచ్చిపోయేవాడు కాదు అని మొహం మీదే అంటుంది. ఆ మాటకు ఆయన కోప్పడలేదు, సమాధి దగ్గరికి వెళ్లేముందు తానే ఏడ్చాడు అని చెప్పి, అయ్యగారు ప్రసంగం అక్కడే ఆపేశారు. యేసు లాజరును బతికించి లేపిన దాకా వెళ్లలేదు. బహుశా అమ్మను చూసి ఆపారేమో. అమ్మ చదువుకోలేదు. కూడిక అయ్యాక, "అయ్యగారూ, నిరీక్షణ నిరీక్షణ అంటరు గదా, అంటే ఎదురుచూసుడేనా?" అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "అదే అమ్మా. ఆశకూ ఎదురుచూసుడుకూ రెండిటికీ ఒకటే మాట పెట్టిన్రు మనోళ్లు. నాకూ తేడా సరిగ తెల్వది" అన్నారు. బైబిలు స్కూల్లో చదువుకున్న మనిషి అలా అంటాడని నేననుకోలేదు. నాకైతే ఆ పంతొమ్మిది రోజుల్లో పునరుత్థానం అనే మాట నోటికి రాలేదు. సమాధే లేదు, ఇంక లేవడం గురించి ఏం నమ్మాలి? మార్చురీ సొరుగులో ఉన్న మనిషి నాకు చావులోనూ లేడు, బతుకులోనూ లేడు. ఇంట్లో అన్న చొక్కాలు దండెం మీద నుంచి తీయాలా వద్దా అన్నది కూడా తేలలేదు.

ఎంబసీ నుంచి కంపెనీకి ఉత్తరం వెళ్లాక పని కదిలింది. 3న మరణ ధృవీకరణ పత్రం. 4న ఎంబసీ నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు. 5న శరీరం పాడవకుండా మందులు పెట్టారు. విమానం ఖర్చు కంపెనీయే కట్టింది. కట్టకపోతే ఎంబసీ దగ్గర భారతీయుల సంక్షేమ నిధి ఉంటుంది, దానికి దరఖాస్తు పెట్టొచ్చని కేరళ ఆయన ముందే చెప్పాడు కాబట్టి ఆ టెన్షన్ లేకుండా పోయింది. 7 రాత్రి విమానం అని ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ ఒక్కసారి ఊపిరి అందింది. సంతోషం లాంటిదే. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను కూడా.

శంషాబాద్ నుంచి ఊరికి అంబులెన్సు రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. హైదరాబాద్‌లో ఎన్నారై విభాగానికి ముందే కాగితాలు పంపాలి. మేము పంపాం, వచ్చింది. తెలియక ప్రైవేటు బండికి అడ్వాన్సు కట్టకండి. ఇంకోటి, ప్రయాణికులు బయటికొచ్చే చోట నిలబడొద్దు. కార్గో వైపు వెళ్లాలి, అది వేరే దారి. నేను, అయ్యగారు, ఇద్దరు యౌవనస్తులు తెల్లవారుజామున మూడున్నరకు గేటు దగ్గర ఉన్నాం. ఆరోగ్య అధికారి సంతకం, కస్టమ్స్ సంతకం, నా ఆధార్ మీద నాలుగు సంతకాలు. తీసుకునేవాళ్ల ఆధార్ అసలుది కావాలి, ఫోనులో ఫొటో చాలదు. ఎనిమిదింటికి బాక్సు బయటికి వచ్చింది. పక్కనే కూరగాయల పెట్టెలు, మందుల పెట్టెలు కదులుతున్నాయి. బాక్సు మీద అన్న పేరు ఇంగ్లిష్‌లో, ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, ఆ అక్షరాల కోసమే కదా నాలుగు రోజులు పోయింది అని.

మేడ్చల్ దాటాక అంబులెన్సు డ్రైవరు టీ కోసం ఆపుదామా అన్నాడు. వద్దన్నాను. అయ్యగారు దిగి, నాకు కూడా ఒకటి చేతిలో పెట్టారు. తాగాను.

ఊళ్లోకి వచ్చేసరికి రెండు దాటింది. ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. బాక్సు చాలా పెద్దది. మా ఇంటి తలుపులోంచి పట్టలేదు. బయట పందిరి కింద పెట్టి మూత తీశాం. ముఖం నల్లబడింది, కానీ అన్నే. మీసాల పక్కన మచ్చ ఉంది. అమ్మ ఆ మచ్చ మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఎక్కువ సేపు తెరిచి ఉంచొద్దని కాగితంలో రాశారు. అరగంటకు మూసేశాం. పిల్లలకు చూపించాలా వద్దా అని పెద్దవాళ్లు గొడవపడుతుంటే పాపే ముందుకు వచ్చి చూసింది. బాబు చూడనన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

నాలుగున్నరకు సమాధుల తోటకు వెళ్లాం. అక్కడ ఇంకో ఇబ్బంది. గుంత మామూలు కొలతకు తవ్వారు, బాక్సు దిగలేదు. రెండు దిక్కులా జానెడు తక్కువైంది. మూడు వందల మంది చుట్టూ నిలబడి ఉన్నారు. యౌవనస్తులు ఇస్త్రీ చొక్కాలు విప్పి గడ్డపారలు తీసుకుని గుంతలోకి దిగారు. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఎవరో వెనక నుంచి పాట అందుకున్నారు, మెల్లగా. నేను వదినె వైపు చూశాను. పాటలు వద్దన్న మనిషి. ఆమె పెదాలు కదులుతున్నాయి. గడ్డపార దెబ్బకూ పాటకూ ఎక్కడా తాళం కుదరలేదు. అయినా నా జీవితంలో విన్న పాటల్లో అదే గుర్తుంది. మట్టి మొదటి పిడికెడు అమ్మ వేసింది.

మొత్తం ఖర్చు ముప్పై ఒక్క వేలు. నోటరీ, మీసేవ, జిరాక్సులు కలిపి రెండు వేల లోపే. హైదరాబాద్ తిరుగుళ్లు, పందిరి, గుంత, భోజనాలు మిగతాది. సంఘంలో ప్రత్యేక కానుక పట్టి పన్నెండు వేల నాలుగు వందలు ఇచ్చారు, అందులో పది రూపాయల నోట్లే ఎక్కువ. సమాధి అయ్యాక జరిపే ఆదరణ కూడికకు మటన్ పెట్టకపోతే బాగుండదని చుట్టాలు పట్టుబట్టారు. స్త్రీల మైత్రి పెద్దమ్మ ఒకామె, "పప్పు చాలు, మిగిలింది పిల్లల ఫీజుకు పెట్టుండ్రి" అని అందరి ముందే అనేసింది. ఆమె కాబట్టి సాగింది, నేనంటే తిట్టేవాళ్లు.

డబ్బుల సంగతి ఇంకా తేలలేదు. అన్న వెళ్లేటప్పుడు కట్టిన ప్రవాసీ భారతీయ బీమా పది లక్షలది ఉంది. అది ప్రమాదంలో పోతేనే, గుండెపోటుకు రాదు. రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామని 2024 సెప్టెంబరులో జీవో తెచ్చింది. దానికి మార్చి 10న కలెక్టరేట్‌లో ఇచ్చాం. రెండుసార్లు వెళ్లి అడిగితే పైకి పంపామన్నారు. బాకీ జీతం కోసం కేరళ ఆయన ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ 20 ఈస్టర్. చీకటుండగానే అందరం సమాధుల తోటకు వెళ్లాం, కొవ్వొత్తులు, బంతిపూలు తీసుకుని. అన్న సమాధికి ముందు రోజు బాబూ నేనూ సున్నం వేశాం. బాబు చేతులకు బొబ్బలొచ్చాయి. "బాపు ఎప్పుడు లేస్తడు కాకా" అన్నాడు. తెలియదన్నాను. "మనం ఎదురుచూస్తున్నమా మరి?" అన్నాడు. చూస్తున్నాం అన్నాను. ఈసారి అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.

మొన్న సోమవారం మా పక్క ఊళ్లో ఒకరికి మస్కట్ నుంచి అలాంటి ఫోనే వచ్చింది. వాళ్లు మా సంఘం వాళ్లు కాదు, చుట్టాలూ కాదు. నేను కాగితాల ఫైలు తీసుకుని బయల్దేరుతుంటే వదినె కూడా వస్తానంది. పోయి ఏం చెప్తావు వదినె అన్నాను. ఆమె జవాబివ్వకుండా లోపలికి వెళ్లి చాట తెచ్చుకుని బండెక్కింది.